ఇంగ్లీషు గారి పాదాల టైపు

ఆయన పోయిన కబురు నాకు కార్డు మీద వచ్చింది. పెద్దకర్మ కార్డు. ఒకవైపు తెలుగు, వెనకవైపు ఇంగ్లీషు. ఆ ఇంగ్లీషు వైపు చూడగానే ముందు దుఃఖం రాలేదు, ఒళ్ళు మండింది. కంప్యూటర్లో కొట్టిన లావుపాటి మొండి అక్షరాలు. ఏ ఒక్కదానికీ అడుగున పాదం లేదు. బతికుండగా ఆయన ఆ రకం టైపుని పెళ్ళికార్డుల దరిదాపులకు కూడా రానిచ్చేవారు కారు. అలాంటిది ఆయన చావు కార్డే దాంతో వేసేశారు. కోపం ఎవరి మీదో కాసేపటిదాకా తేల్చుకోలేకపోయాను. అది నా మీదేనని తేలాక కార్డు బల్ల సొరుగులో పెట్టేసి, మా ఆవిడ ఎవరిదని అడిగితే ప్రెస్సులో ఆయనెవరో పోయారట అని ఊరుకున్నాను.

పేరు చెప్పను. చెప్పే మొహం లేదనుకోండి. ప్రెస్సులో అందరూ ఆయన్ని ‘ఇంగ్లీషు గారు’ అనేవారు. రాజమండ్రిలో కోటగుమ్మం వెనక సందులో ఉండేది ఆ ప్రెస్సు. తెలుగు కంపోజ్ చెయ్యడానికి ఇద్దరుండేవారు, ఇంగ్లీషుకి ఈయన ఒక్కరే. ఆయన చదివింది ఐదో తరగతి. ఇంగ్లీషులో ఎవరైనా పలకరిస్తే రెండు చేతులూ జోడించి నవ్వేవారు. నేను కాలేజీలో ఇంగ్లీషు లెక్చరర్ని, కాలేజీ అచ్చు పనుల మీద తరచూ అక్కడికి వెళ్ళేవాణ్ణి. ఓనరు గారు మా ఇద్దర్నీ పక్కపక్కన చూసినప్పుడల్లా, ఒకాయనకి ఇంగ్లీషు వచ్చుగానీ అక్షరాలు తెలీవు, ఇంకొకాయనకి అక్షరాలు తెలుసుగానీ ఇంగ్లీషు రాదు అని నవ్వేవారు. నేనూ నవ్వేవాణ్ణి. అందులో మొదటి సగం నా మీద వేసిన చురక అని అప్పుడు నాకు తట్టలేదు.

మనిషి బక్కపల్చన. నల్లటి వేళ్ళు, తెల్లటి చొక్కా. రోజంతా సీసం అక్షరాల మధ్య మసిలినా ఆ చొక్కా మీద మరక పడగా నేను చూడలేదు. అన్నానికి లేచే ముందు కిరసనాయిలుతో ఒకసారి, సున్నిపిండితో రెండుసార్లు చేతులు కడుక్కునేవారు. కంపోజ్ చేసేటప్పుడు కూర్చోవడం ఆయనకి పడదు. కేసు, అంటే గళ్ళుగళ్ళుగా ఉండే అక్షరాల చెక్క అర, దాని స్టాండు కింది కమ్మీ మీద ఒక కాలు పెట్టి, ఎడమ చేతిలో స్టిక్, అంటే అక్షరాలు వరసగా పేర్చే ఇనప పట్టీ, పట్టుకుని నిలబడేవారు. కుడిచెయ్యి గళ్ళలోకి వెళ్ళి వచ్చేది, కళ్ళు మాత్రం నా రాతప్రతి మీదే ఉండేవి. వరస పూర్తయ్యాక బొటనవేలి గోరుతో అడుగుభాగం ఒకసారి గీసి, ‘ఆయ్’ అనేవారు. ఎవరితోనూ కాదు, ఆ వరసతోనే.

ఆ కేసులో ఉన్న టైపుకి కేటలాగులో ఎవరో దొరగారి పేరుండేదట. ఆయన మాత్రం దాన్ని పాదాల టైపు అనేవారు. మీరు ఏ పాత ఇంగ్లీషు పుస్తకం తీసి చూసినా తెలుస్తుంది. గీత ఎక్కడ ముగిసినా అక్కడ చిన్న అడుగు వేసి ఆగుతుంది. నిలువు గీత బరువుగా దిగి, పక్కకి తిరిగేటప్పుడు సన్నబడి, మళ్ళీ పుంజుకుంటుంది. నేను పదిహేనేళ్ళు ఇంగ్లీషు పాఠం చెప్పి కూడా ఒక్కనాడూ ఇది చూడలేదు. ఆయనే భూతద్దం చేతికిచ్చి చూపించారు. చిన్న ‘ఎ’ పొట్ట, రెండంతస్తుల ‘జి’, దాని నెత్తిన చెవిలాంటి తోక, పెద్ద ‘క్యూ’ వరస కిందికి చాపుకున్న కాలు, ఒక్కోటి తీసి అరచేతిలో పెట్టి పరిచయం చేశారు. పెళ్ళివారింట్లో చుట్టాల్ని చూపించినట్టే చూపించారు.

ఈ పాదాలెందుకండీ అని అడిగాను ఓసారి. అవి ఉంటే కన్ను నేల మీద నడిచినట్టు వరస వెంట నడిచిపోతుందని, లేకపోతే ప్రతి అక్షరం దగ్గరా ఆగి దిగాల్సి వస్తుందని చెప్పారు. ఇంకో మాట కూడా అన్నారు. ఆ మాట నేను తర్వాత క్లాసులో నా సొంతంలా చాలాసార్లు వాడుకున్నాను.

“ఇది చదివే టైపండి మాస్టారూ, చూసే టైపు కాదు. బంతిలో వడ్డించేవాడు కనబడకూడదండి, విస్తట్లో అన్నం కనబడాలి.”

పాదాల్లేని లావు అక్షరాలున్న కేసులు కూడా ప్రెస్సులో రెండుండేవి. వాటికి ఆయన పెట్టిన పేరు మొండి టైపు. దాని మీద ఆయనకి ద్వేషమేమీ లేదు. ఎవరి పని వారిది అనేవారు. రావులపాలెం నుంచి అరటికాయల వ్యాపారులు బిల్లు పుస్తకాలకి వస్తే మొండి టైపే వేసేవారు. లారీ లైటు వెలుగులో చదువుకోవాలి కదా అని. సినిమా కరపత్రానికీ, సబ్బు చీటీకీ అదే. డాక్టరు గారి లెటర్‌హెడ్డుకీ, లాయరు నోటీసుకీ, పుస్తకానికీ పాదాల టైపు. ఆత్రేయపురం నుంచి ఒకాయన పూతరేకుల అట్టపెట్టె మీద ఇంగ్లీషు పేరు లావుగా, దూరానికి కనబడేలా కావాలని పట్టుబట్టాడు. ఈయన వినలేదు. ఆ లావు టైపు పైన వేస్తే లోపల రేకులు విరిగిపోతాయండీ అన్నారు. పెట్టెలాయన నవ్వేసి సరేనన్నాడు. చావు కార్డులకీ పాదాల టైపే, కాకపోతే వరసల మధ్య కాస్త ఎక్కువ జాగా వదిలేవారు. చావు కబురు గట్టిగా అరవకూడదండి అనేవారు.

ఇంత చెప్పాను కాబట్టి నేనాయన్ని బాగా ఎరిగినవాణ్ణని, గౌరవించినవాణ్ణని మీరనుకోవచ్చు. నేనూ అలాగే అనుకున్నాను.

తొంభైల నడిమి రోజుల్లో నేనొక పుస్తకం రాశాను. డిగ్రీ పిల్లల కోసం ఇంగ్లీషులో నూరు పేజీల చిన్న వ్యాసాల పుస్తకం. రాశాను అనడం కూడా గొప్పే, పాఠాలు చెప్పిన కాగితాలన్నీ కుట్టాను. యూనివర్సిటీ నుంచి ఒక పెద్దమనిషి మా కాలేజీకి వస్తున్నారని, ఆయన చేత ఆవిష్కరణ చేయిస్తే డిపార్ట్‌మెంటు హెడ్డు కుర్చీ నాకొస్తుందని నా ఆశ. అందుకని అచ్చు పని ఈ ప్రెస్సుకే ఇచ్చాను. ఊళ్ళో అప్పటికే కంప్యూటర్ సెంటర్లు రెండు వెలిశాయి. అయినా పాదాల టైపులోనే రావాలన్నాను. ఆ మాటకి ఇంగ్లీషు గారి మొహం వెలిగిపోయింది.

ఇక్కడ ఆయన పని పద్ధతి కొంచెం చెప్పాలి, లేకపోతే నేను చేసింది మీకు తెలియదు. ఆ కేసులో ఉన్న అక్షరాలు ఎనిమిది పేజీల ఫారాలు రెండింటికి సరిగ్గా సరిపోతాయి, అంతే. ఒక ఫారం కంపోజ్ చేసి ప్రూఫు ఇస్తారు. నేను దిద్ది ఇస్తే అచ్చు వేస్తారు. ఆ తర్వాత కట్టు విప్పి, ఏ అక్షరాన్ని ఆ గడిలోకి తిరిగి వేసుకుంటారు. అప్పుడే తర్వాతి పేజీలకి అక్షరాలు దొరుకుతాయి. అంటే నా ప్రూఫు నా దగ్గరున్నన్నాళ్ళూ ఆయన అక్షరాలు ఖైదులో ఉన్నట్టే. నేనేమో అప్పటికి పేర్చి ఉన్న రెండు ఫారాల ప్రూఫులూ సంచిలో పెట్టుకుని, పరీక్ష పేపర్లు దిద్దే డ్యూటీకని కాకినాడ వెళ్ళి, పన్నెండు రోజులు అక్కడే ఉండిపోయాను. ప్రూఫుల కట్టయినా విప్పలేదు. వచ్చేసరికి సభకి నాలుగు రోజులుంది. ఇంకా ఎనిమిది పేజీలు కంపోజే కాలేదు. అందులో నా ముందుమాట కూడా ఉంది.

ఆయన వేళ్ళ మీద లెక్క చెప్పారు. ఇప్పుడు దిద్ది ఇచ్చినా, అచ్చు వేసి విప్పి మళ్ళీ పేర్చడానికి వారం పడుతుందన్నారు. తేదీ మారదన్నాను. గోదాం గదిలో తునిలో మూతపడ్డ ప్రెస్సు నుంచి ఓనరు గారు తెచ్చిన ఇంకో ఇంగ్లీషు టైపు అరకొరగా ఉందని నాకు తెలుసు. అదీ పాదాలున్నదే, అదే సైజు. చూపుకి ఒకలాగే ఉంటుంది. మీ కేసులో అడుగూ బొడుగూ ఏముందో అది వాడి, చాలనివి దాంట్లోంచి కలిపి పేర్చెయ్యండి అన్నాను. అన్నం చాలకపోతే పొరుగింటి నుంచి గిన్నెడు తెప్పించుకున్నంత తేలిగ్గా అన్నాను.

ఆయన స్టిక్ కింద పెట్టడం నేను మొదటిసారి అప్పుడే చూశాను.

“వద్దండి మాస్టారూ. రెండూ ఒకలా ఉంటాయిగానీ ఒకటి కాదండి. వేరే టైపైతే అక్షరం పక్కనున్న గాడి తడిమితే వేలికి తెలిసిపోతుందండి. వీటికి గాడి కూడా ఒకే చోటుంది. ఒక్కసారి కలిస్తే ఈ జన్మకి విడదియ్యలేనండి.”

నాకు కోపం వచ్చింది. పన్నెండు రోజులు ప్రూఫులు సంచిలో మగ్గబెట్టినవాడికి కోపం రాకూడదు, కానీ తప్పు చేసినవాడికే కోపం ముందొస్తుంది. తిన్నగా ఓనరు గారి గదిలోకి వెళ్ళి, మీ ఇంగ్లీషు గారు తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళంటున్నారని చెప్పాను. ఓనరు గారు బయటికొచ్చి నలుగురి ముందూ ఆయన్ని రెండు మాటలన్నారు. ఆయన ‘ఆయ్’ అని మళ్ళీ స్టిక్ తీసుకున్నారు. గోరు మాత్రం వరస అడుగున గీయలేదు.

రెండు రోజుల్లో ఎనిమిది పేజీలూ అయ్యాయి. అచ్చు మొదలుపెట్టే ముందు నన్ను పక్కకి పిలిచి ఒకే ఒక్కటి అడిగారు. ఆ ఎనిమిది పేజీల ఫారం అచ్చయ్యాక ఎవరూ కట్టు విప్పకుండా పక్కన పెట్టించమన్నారు. తీరిక చేసుకుని భూతద్దంతో ఒక్కొక్కటే ఏరుకుంటానని, పరాయివి తన కేసులో పడకూడదని చెప్పారు. తను అడిగితే మొండితనం అంటారు, మీ మాటైతే ఓనరు గారు వింటారు అన్నారు. దానికేముందండీ, ఇప్పుడే చెబుతానన్నాను.

చెప్పలేదు. కావాలని కాదు, మర్చిపోయాను. ఓనరు గారి గదిలోకి వెళ్ళి ఆహ్వానపత్రాల గురించి మాట్లాడి, కాఫీ తాగి ఇంటికొచ్చేశాను. సరిగ్గా సభ రోజున, ఇంగ్లీషు గారు నా పుస్తకాల కట్టలు రిక్షాలో వేసుకుని కాలేజీకి వచ్చిన పూట, ప్రెస్సులో తెలుగు కంపోజిటర్లిద్దరూ పెద్దాయనకి సాయం చేద్దామని మంచి మనసుతో ఆ ఫారం విప్పేసి, అక్షరాలన్నీ ఆయన కేసు గళ్ళలో వేసేశారు.

ఆ సంగతి మా ఇద్దరికీ అప్పటికి తెలియదు. ఆయన ఇస్త్రీ చొక్కా వేసుకొచ్చారు. కట్టలు వేదిక పక్కన దింపి, ఒక పుస్తకం తీసి, చివర పట్టుకుని రెండు పేజీలు తిప్పి చూసుకున్నారు. యూనివర్సిటీ పెద్దమనిషి కూడా నా పక్కన కూర్చుని పుస్తకం తిరగేస్తున్నారు. మంచి కన్నున్నాయన. ముందుమాట దగ్గర ఆగి, ఇదేంటండీ ఇక్కడ అక్షరాలు ఎగుడుదిగుడుగా ఉన్నాయి, చెమ్మ పట్టిన గోడలా మచ్చలు మచ్చలుగా ఉంది పేజీ అన్నారు. నిజమే. ఎనిమిది పేజీలూ అలాగే ఉన్నాయి.

నాలుగు అడుగుల దూరంలో ఇంగ్లీషు గారు నిలబడి ఉన్నారు. ఉన్నారని నాకు తెలుసు. తెలిసే అన్నాను.

“ఏం చేస్తామండీ, కంపోజిటరు ముసలాడైపోయాడు. కళ్ళు ఆనడం లేదు వాడికి.”

ఆడలేక మద్దెల ఓడన్నాను. అంతవరకైనా ఫర్వాలేదు. మా గోదావరి వాళ్ళం రిక్షా అబ్బాయిని కూడా ‘అండి’ అని పిలుస్తాం. ఇరవై ఏళ్ళు పెద్దాయన్ని, నాకు అక్షరం చూడ్డం నేర్పినాయన్ని, పరాయి ఊరి పెద్దమనిషి ముందు నేను ‘వాడు’ అన్నాను. ఆయన తలెత్తలేదు. చేతిలో పుస్తకం మూసి, కట్ట పైన అంచులు సరిచేసి పెట్టి, కాఫీలు ఇస్తున్నవాళ్ళ పక్కనుంచి బయటికి నడిచి వెళ్ళిపోయారు. నేను మైకు ముందుకెళ్ళి ఉపన్యాసం చెప్పాను. చప్పట్లు కూడా కొట్టారు.

అన్న మాట అన్నచోట ఆగదు కదా. సభకి వచ్చిన ఓనరు గారి చెవిన అది పడింది. మాస్టారంతటి ఆయనే కళ్ళు ఆనడం లేదంటున్నారు, పైగా కేసంతా కలగాపులగమైపోయింది, ఇంక ఇంగ్లీషు పని ఇక్కడెందుకని దాన్ని కంప్యూటర్ సెంటర్‌కి పంపడం మొదలుపెట్టారు. ఇంగ్లీషు గారిని బిల్లు పుస్తకాలకి నంబర్లు కొట్టే మిషను దగ్గర కూర్చోబెట్టారు. అవును, కూర్చోబెట్టారు. హెడ్డు కుర్చీ నాకే వచ్చింది.

మూడు నెలలు ఆ సందు మొహం చూడలేదు నేను. తర్వాత లెటర్‌హెడ్లకని వెళ్ళక తప్పలేదు. మధ్యాహ్నం, అందరూ భోజనాలకి వెళ్ళారు. ఆయనొక్కరే కేసు ముందు నిలబడి, కమ్మీ మీద కాలు పెట్టి, అక్షరాలు ఏరుతున్నారు. గోడ పక్కన చిన్న కాగితం పొట్లాలు వరసగా ఉన్నాయి. రోజూ అన్నం మానేసి ఆ గంట ఏరుతున్నారని తర్వాత తెలిసింది. నన్ను చూసి కుర్చీ తెచ్చి వేశారు. ఎక్కడ తిడతారోనని నేను, తిడితే బావుండునని కూడా నేనే. ఆయన అదేమీ ఎత్తలేదు. మిగతావన్నీ తేలాయండి, చిన్న ‘ఇ’ ఒక్కటే తేలడం లేదండి, అదే కదండీ అన్నిటికన్నా ఎక్కువుండేది అన్నారు. నేను ఫారం సంగతి చెప్పడం మర్చిపోయానండీ అనబోయాను.

ఈలోగా ఆయన రెండు ‘ఇ’లు నా అరచేతిలో పెట్టి, భూతద్దం ఇచ్చారు.

“మీ కళ్ళు మంచివి కదండీ. కాస్త చూసి చెప్పండి మాస్టారూ, ఇందులో మనదేది?”

ఎత్తిపొడుపు కాదది. ఆ మొహంలో అలాంటిదేమైనా దొరుకుతుందేమోనని వెతికాను, దొరకలేదు. నిజంగానే అడుగుతున్నారు. కిటికీ దగ్గరికెళ్ళి చూశాను. ఎంతసేపు చూసినా నాకు రెండూ ఒకటే. తెలియదండీ అంటే సరిపోయేది. ఎడమదన్నాను. ‘ఆయ్’ అని దాన్ని గడిలో వేసుకున్నారు. ఇంకో జత ఇచ్చారు. కుడిదన్నాను. అలా డజను దాకా చెప్పాను. అన్నీ నోటికొచ్చిందే చెప్పాను. ఆయన ఒక్కోదాన్నీ ఎంతో నమ్మకంగా గడిలో వేసుకున్నారు. లెటర్‌హెడ్ల మాటెత్తకుండానే ఇంటికొచ్చేశాను. ఆ తర్వాత ఆయన్ని చూడలేదు. ఏడాది తిరక్కుండానే పని మానేశారని విన్నాను.

పెద్దకర్మకి వెళ్ళాను. వెళ్ళకూడదనే అనుకున్నాను, కాళ్ళు తీసుకెళ్ళాయి. చిన్న ఇల్లు, వాకిట్లో షామియానా. ఓనరు గారు, ట్రెడిల్ మిషను తొక్కినాయన, మిగతా ఇద్దరు కంపోజిటర్లు అందరూ ఉన్నారు. కాలేజీ మాస్టారు వచ్చారని నన్ను బంతిలో ముందు కూర్చోబెట్టారు. భోజనాలయ్యాక ఆయన భార్య వచ్చి నా ఎదురుగా నిలబడ్డారు. నేను లేచి నిలబడ్డాను. ఆయన నా గురించి చెప్పేవారా అమ్మా అని అడిగాను. ఎందుకడిగానో తెలియదు. తిట్టేవారని వినాలనేమో.

తరచూ చెప్పేవారన్నారావిడ. పుస్తకం పండగ రోజున ఇంటికొచ్చి, మాస్టారు నా కళ్ళు ఆనడం లేదన్నారే అని ఒకటే దిగులు పడ్డారట. చదువుకున్నాయన ఊరికే అనరు కదా అని కంటి డాక్టరు దగ్గరికి వెళ్ళారట. డాక్టరు గారు అద్దాల్లోంచి, దీపం పెట్టి చూసి, కళ్ళు లక్షణంగా ఉన్నాయన్నారట. ఈయన నమ్మలేదట. ఇంకో డాక్టరు దగ్గరికి వెళ్ళారట, ఆయనా అదే మాటన్నారట. అయినా నమ్మలేదట. డాక్టర్లకి అక్షరాల సంగతేం తెలుసు, మాస్టారికి తెలుస్తుంది అనేవారట. ఆ బెంగతోనే పని మానేశారట. తర్వాత ఇంట్లో పేపరు కూడా ముట్టుకోలేదట.

నా చుట్టూ ఓనరు గారు, కంపోజిటర్లు, ఇద్దరు కూతుళ్ళు, చుట్టాలు నిలబడి వింటున్నారు. ఆవిడ కొంగుతో మొహం తుడుచుకుని నా వైపు చూశారు.

“మీరే చెప్పండి బాబూ. అప్పటికే ఆయన కళ్ళు పోయాయాండీ?”

అందరూ నా మాట కోసం చూస్తున్నారు. లేదమ్మా అని ఒక్క మాట అంటే చాలు.

“వయసు కదమ్మా” అన్నాను.